చెవిలో చెప్పే తప్పు

క్రిస్మస్ ఒక్క రోజు పండగ. అంతకుముందు వచ్చే నాలుగు ఆదివారాల్లోనే ఉంది అసలు పని. నవంబరు 30 అంద్రెయ అపొస్తలుడి దినం. దానికి దగ్గరగా పడే ఆదివారంతో ఆగమన కాలం మొదలవుతుంది, మందిరంలో ప్రభు బల్ల మీదికి ఊదారంగు గుడ్డ వస్తుంది. మా గోరంట్ల వైపు అప్పటికి చెనక్కాయలు ఇంటికి చేరి ఉంటాయి, బెంగళూరు పనులకు పోయిన పిల్లలు ఆదివారాలకు వచ్చిపోతుంటారు. నలుగురూ కూర్చుని ఒక కీర్తన నేర్చుకోవడానికి, పాత తగువు ఒకటి తెంచుకోవడానికి ఇంతకన్నా మంచి కాలం నాకు తెలియదు. ఈ రెండూ ఒకే విద్య అని నా గట్టి నమ్మకం.

మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు, కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. మనందరి చేతుల్లో ఉండే ప్రతిలో స్వరాలు ఉండవు. అంటే ఆ పాట పుస్తకంలో సగమే ఉంది, మిగతా సగం పెద్దల గొంతులో ఉంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) అనే మహానుభావుడు నూరుకు పైగా కీర్తనలు రాసి, కర్ణాటక బాణీని క్రీస్తు పాదాల దగ్గర పెట్టాడు. పామరుడు పాడుకునేంత సులువు, పండితుడు తల ఊపేంత బిగువు! అంతటి పని మరొకరు చేశారంటే నేను ఒప్పుకోను. ఆ పాట ఇప్పటికీ బతికి ఉందంటే, ఒకరి తప్పు మరొకరు దిద్దుతూ వచ్చినందుకే.

ఆ దిద్దడంలో ఎంత నేర్పు ఉందో చూడండి. కొన్ని పాటలు తాళం దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఎత్తుకోవాలి. కొత్తవాడు దెబ్బతోపాటే ఎత్తుకుంటాడు. చేయి తిరిగిన పెద్దాయన పాట ఆపడు, వాడి పేరు పిలవడు. అదే పల్లవిని మళ్లీ తానే ఎత్తుకుంటాడు, ఈసారి తొడ మీద తాళం కొంచెం గట్టిగా వేస్తాడు, కళ్లతో మాత్రం వాడి వైపు చూస్తాడు. రెండోసారికి వాడు సర్దుకుంటాడు. అప్పటికీ కుదరకపోతే, అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర ఆపి, “అబ్బోడా, రేపు కాస్త ముందుగా రా” అంటాడు. తప్పు తెలిసింది ఇద్దరికే.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస ఇదే కదా! సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. సంఘం ముందుకు రావడం ఆ తర్వాతి మాట. అక్కడా వినకపోతే అతన్ని సుంకరిలా ఎంచమన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వెలివేతకు దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రభువు సుంకరులను ఎలా ఎంచాడు? సుంకరి జక్కయ్య ఇంట దిగాడు. మత్తయిని సుంకపు మెట్టు దగ్గర నుంచి లేపి తన వెంట తీసుకెళ్లాడు. ఈ వరుస మనకు అందింది ఆ మత్తయి పేరున్న సువార్తలోనే.

చాలా సంఘాల పాఠాల పట్టికలో రెండో, మూడో ఆగమన ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి. గద్దింపులో ఆయన్ను మించినవాడు లేడు. అయితే లూకా 3వ అధ్యాయం చివరిదాకా చదవాలి. మేమేం చేయాలని జనం అడిగితే ఎవరికి తగ్గ జవాబు వాళ్లకు ఇచ్చాడు: రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, సుంకరి నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయకూడదు, సిపాయి జీతంతో తృప్తిపడాలి. కోపంతో ఆగిపోకుండా, రేపటి నుంచి ఏం చేయాలో చేతికందించాడు. ఆగమన కాలంలో దీపాల చక్రం పెట్టే ఆచారం కూడా దిద్దుబాటు ఇంటి నుంచే వచ్చింది. యోహాన్ హిన్రిక్ విఖెర్న్ 1833లో జర్మనీలోని హాంబర్గ్‌లో దారితప్పిన బీద పిల్లలకు ఒక ఆశ్రమం పెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడని వాళ్లు అడుగుతుంటే 1839లో ఒక బండిచక్రానికి కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించాడు. నేరస్థులని ఊరు ముద్రవేసిన పిల్లలకు ‘ఇది మీ ఇల్లు’ అని చెప్పిన తీరు అది.

  

ప్రేమ లేని దిద్దుబాటు ఎంత నష్టం చేస్తుందో గుర్రం జాషువాను అడగాలి. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాస్తున్నాడని మత పెద్దలు ఆయన్ను వెలివేశారని ఆయన జీవితకథ చెబుతుంది. అంతటి కవిని! ఆ జాషువాకే 1964లో ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సంఘం ఆయన్ను గుమ్మం బయట నిలబెట్టినా, క్రీస్తును ఆయన వదల్లేదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? డిసెంబరు ఒకటో తేదీ నుంచే సెమీ క్రిస్మస్‌లు. కేకు, డీజే, ముఖ్య అతిథికి శాలువా. ఎదురుచూపుల నెలను పండగ పేరుతోనే మింగేశారు. కీర్తనకు బదులు ఫోన్లో ట్రాక్ పెట్టి పాడుతున్నారు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ దిద్దదు. వెనకబడిన ముసలమ్మను అక్కడే వదిలేసి ముందుకు పోతుంది. ఇక తప్పు దిద్దడమా? వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి రాయడం, మైకులో ఎత్తిపొడవడం! చెవిలో చెప్పాల్సిన మాట సౌండ్ బాక్సులో చెబితే ఆ మనిషి మళ్లీ మందిరం మెట్టు ఎక్కుతాడా?

గోరంట్ల, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘ పెద్దలకు చేతులు జోడించి చెబుతున్నా. సెమీ క్రిస్మస్ ఖర్చులో కొంత తీసి మూలన పడ్డ హార్మోనియం బాగుచేయించండి. వారానికి ఒక్క కీర్తన, పుస్తకం మూసి, పెద్దల నోటి నుంచి పిల్లలకు నేర్పించండి. ప్రభు బల్లకు దూరమైనవాళ్ల ఇళ్లకు కమిటీగా వెళ్లొద్దు, ఒక్కరే వెళ్లండి. తప్పుల చిట్టా విప్పకుండా పాటకు పిలవండి. వస్తే వాయించే తాళాలు వాళ్ల చేతికే ఇవ్వండి. మిగతా మాట పాట అయ్యాక, గుమ్మం దగ్గర.