జాకెట్టు – శబ్దవిచారము

స్త్రీలు చీరతోఁ దొడుగు కుట్టుబట్టకు రాచర్ల, గిద్దలూరు ప్రాంతములయందు రైక, రవిక, జాకెట్టు అను పేరులు వినఁబడును. బాలురు వ్యాసములందు మూఁడవదానిని వ్రాసినచోఁ గొందఱు పండితులు గ్రామ్యమని కొట్టివేయుదురు. అది న్యాయమగునా యని విచారింపవలసియున్నది.

జాకెట్టు పరాసుభాషాజన్యము. ఆ భాషలో 'జాక్' అనునది పురుషులు ధరించు పొట్టియంగీ. దానికి అల్పార్థప్రత్యయము చేరఁగా 'జాకెత్' ఆయెను. మూలపదము కర్షకులకు సామాన్యమైన జాక్ అను పురుషనామమునుండి పుట్టెనని పలువురు నిరుక్తకారుల మతము; అరబ్బీమూలము నూహించినవారును గలరు. 15వ శతాబ్దమున నాంగ్లేయు లీ పదమును గైకొనిరి.

యానాము 1954 వఱకుఁ బరాసులయేలుబడిలో నుండుటచే నీ శబ్దము నేరుగా నచ్చటినుండియే వచ్చెనని తలంపరాదు. పరాసుల తకారము దంత్యము, మనచెవికిని తకారమే. పోర్చుగీసునుండి వచ్చిన బొత్తాము, మేస్త్రి యను పదములందు దంత్యము నిలిచియుండుట చూడుఁడు. ఆంగ్లేయులది దంతమూలీయ మగుటచే మనకు టకారముగా వినఁబడును. కావున జాకెట్టులోని టకారమే యాంగ్లద్వారమునకు సాక్షి.

ఇఁక రూపము. హలంతమైన యన్యదేశ్యము తెలుఁగునఁ బ్రాయికముగా నుకారాంతమగును. దీర్ఘముమీఁది టకారము ద్విరుక్తము గాదు: కోటు, గేటు. హ్రస్వముమీఁదిది ద్విరుక్తమగును: జాకెట్టు, టిక్కెట్టు. బహువచనమునఁ జెట్టు చెట్లయినట్లే జాకెట్టు జాకెట్లగును. లక్షణవిరుద్ధమైన భాష గ్రామ్యమని చిన్నయసూరి నిర్వచనము. లక్షణమునకు లోఁబడినదానిని గ్రామ్యమనుట యెట్లు? అన్యదేశ్యమనుఁడు, చాలును.

అర్థమును మాఱినది. పాశ్చాత్యులకు జాకెట్టు స్త్రీపురుషులు తక్కినదుస్తులపైఁ దొడుగునది. మనకు స్త్రీలు పైఁటక్రిందఁ దొడుగునది. ఇది యర్థపరిణామము. ఆంగ్లము చదువు బాలుఁ డీ రెంటిని నొకటిగాఁ దలఁచి పొరపడును. ఈ భేదమును నేర్పుట యుపాధ్యాయుని ధర్మము. పదమును గొట్టివేసినచో నేర్పుట కెడమే లేదు.

పేరంటమునఁ దాంబూలముతో నిచ్చు రవికగుడ్డను జాకెట్టుముక్క యనుటయుఁ గలదు. మంగళద్రవ్యములతోఁ గూడి యింటింటికిఁ దిరుగు పదమును బరాయిదని వెలివేయఁజాలము. ఐనను హద్దు గలదు. జాకెట్టుముక్క సాధువు, సంస్కృతోత్తరపదముతోఁ గూర్చిన 'జాకెట్టుధారణము' వైరిసమాసము. పూర్వకాలపుఁ గథలందు రవికకు మాఱుగా దీనిని వాడుటయుఁ దగదు.

కావున బాలుర వ్యాసములందు జాకెట్టు నిలువవలయును. దానిప్రక్కనే రవికయుఁ దెలియవలయును. కంచుకమును గూర్పాసమును గావ్యపాఠమున నేర్పవలయును. ఒకటి నేర్పుటకు వేఱొకటి చెఱుపనక్కఱలేదు.