డబ్బు కట్టి అచ్చేసిన మన బతుకు

ఆదివాసుల మీద జాతీయ సెమినార్ అని కరపత్రం వస్తుంది. అందులో ఫీజుల పట్టిక ఉంటుంది. అధ్యాపకులకు ఇంత, పరిశోధక విద్యార్థులకు ఇంత, రాకుండా పేపర్ మాత్రమే పంపేవారికి ఇంత, గడువు దాటితే అదనంగా ఇంత. ఆ పేపర్లను ఎవరు చదివి ఎంపిక చేస్తారో మాత్రం ఎక్కడా ఉండదు.

సెమినార్ రోజునే పుస్తకం ఆవిష్కరిస్తారు. పేపర్ల గడువు ముగిసి అప్పటికి రెండు వారాలే. అంత లావు పుస్తకాన్ని ఆ రెండు వారాల్లో ఎవరు చదివారు? ఎవరూ చదవలేదని ఆ పుస్తకమే చెబుతుంది. సవరను ద్రావిడ భాషల్లో చేర్చిన పేపర్ మేం చూశాం. సవర ముండా కుటుంబపు భాష. కోయను తెలుగు మాండలికం అన్న పేపర్ చూశాం. కోయ గోండికి దగ్గరి భాష. చెంచులు తరతరాలుగా పోడు మీదే బతికారని ఇంకొకరు రాశారు. దుంపలు తవ్వి, తేనె తీసి, వేటాడి బతికామని నల్లమలలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. అడగాలి కదా! ఒక పుస్తకంలోనైతే కొండరెడ్ల మీద రాసిన పేరానే, తెగ పేరు మార్చి, కోలాముల మీద పేపర్‌లో పెట్టారు.

ప్రశ్నిస్తే ‘ఐఎస్‌బీఎన్ ఉంది’ అంటారు. అది పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య. లోపల ఏముందో చదివి ఇచ్చేది కాదు. మన దేశంలో దానికి రుసుము కూడా లేదు. గోడ మీద ఇంటి నంబరు ఉన్నంత మాత్రాన లోపల పొయ్యి వెలుగుతున్నట్టా?

ఈ జబ్బు మన దగ్గరే లేదు. 2005లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు అర్థంలేని పేపర్లు అల్లే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేస్తే, అది అల్లిన పేపర్‌ను ఒక అంతర్జాతీయ సదస్సు అంగీకరించింది. 2014లో స్ప్రింగర్, ఐఈఈఈ సంస్థలు తమ సదస్సు సంపుటాల నుంచి అలాంటి పేపర్లను 120కి పైగా తీసేశాయి. 2022లో ఐఓపీ అనే ప్రచురణ సంస్థ ఒక్క విడతలో 494 పేపర్లను ఉపసంహరించింది. వాటిలో ఎక్కువ భాగం సదస్సు పేపర్లే. కాకపోతే అక్కడ తప్పు పట్టేవాళ్లున్నారు, వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. ఇక్కడ వేసిన పుస్తకం వేసినట్టే ఉండిపోతుంది. దాన్ని ఒక థీసిస్ ఉటంకిస్తుంది, ఆ థీసిస్‌ను మరో పేపర్ ఉటంకిస్తుంది. నాలుగేళ్లు తిరిగేసరికి మన పిల్లలు పోటీ పరీక్షకు మన గురించి చదివేది అదే.

ఈ పరుగు ఊరికే రాలేదు. యూజీసీ 2010 నిబంధనలు అధ్యాపకుల పదోన్నతిని పేపర్ల పాయింట్లతో ముడిపెట్టాయి. 2016 నిబంధనలు పీహెచ్‌డీ ఇచ్చే ముందు సెమినార్లలో రెండు పేపర్లు సమర్పించాలన్నాయి. 2022లో ఆ షరతు పోయింది, అలవాటు పోలేదు.

ఇదే పుస్తకాల్లో మంచి పేపర్లూ ఉంటాయి. ఎక్కువ బాధ అక్కడే. తన గూడెంలో పెళ్లిపాటలు సేకరించి ఒక కోయ అమ్మాయి రాసిన పేపర్ మేం చదివాం. నెలలు ఆలస్యంగా వచ్చిన ఫెలోషిప్‌లోంచి ఫీజు కట్టింది. ఫాంటు మారి పాటలన్నీ గళ్లు గళ్లుగా అచ్చయ్యాయి. ప్రూఫు ఆమెకు పంపినవాళ్లు లేరు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరలను ఇంటికి పిలిచి భాష నేర్చుకుని, ఏళ్ల తరబడి పనిచేసి 1931లో సవర వ్యాకరణం అచ్చేశారు. ఆయన సవర కాదు. మన భాష మన అమ్మాయి రాస్తే మాత్రం ఒక్క ప్రూఫుకు తీరిక లేకపోయింది.

చదివి చెప్పగల మనుషులు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య మొదలైనప్పుడు సవర, కోయ, గోండి, కొలామి, కువి వంటి ఎనిమిది భాషల్లో పిల్లలకు వాచకాలు వచ్చాయి. ఆ పని చేసిన మన టీచర్లు ఊళ్లలోనే ఉన్నారు. సవర మీద పేపర్ ఇస్తే ఒక్క పూటలో తప్పులు దిద్ది ఇస్తారు. మా చేతికొచ్చిన సెమినార్ పుస్తకాల సంపాదకవర్గాల్లో వాళ్లలో ఒక్కరి పేరూ కనబడలేదు.