కదలకుండా చూపు తిప్పే గాదంకి రాడార్

రోహిణీ కార్తెలో కొల్లేరు మీద లేచిన గాలివాన మబ్బు ఎంత బలిసినా, 16, 17 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లిందంటే ఇక పైకి సాగలేదు. తల చదునై తాడేపల్లిగూడెం వైపో ఏలూరు వైపో పరుచుకుంటుంది. వాతావరణపు అడుగు పొర ట్రోపోస్ఫియర్ అక్కడితో సరి. ఆపైన స్ట్రాటోస్ఫియర్, సుమారు 50 కిలోమీటర్లు దాటాక మీసోస్ఫియర్. మబ్బు మనకు చూపేది ఆ ఒక్క హద్దునే. మబ్బులేని గాలిలోనూ పొరల్ని పట్టే పనితనం తిరుపతి దగ్గర గాదంకిలో ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎం.ఎస్.టి. (మీసోస్ఫియర్-స్ట్రాటోస్ఫియర్-ట్రోపోస్ఫియర్) రాడార్‌ది ఆ పని.

రాడార్ అంటే గిర్రున తిరిగే పళ్లెం గుర్తొస్తుంది. ఇక్కడ ఏదీ తిరగదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న నేలలో 32 వరసలు, వరసకు 32 చొప్పున 1,024 జంట యాంటెన్నాలు. ఒకప్పుడు డాబాల మీద టీవీకి కట్టినవాటినే ఆకాశంకేసి నిలబెట్టినట్టుంటాయి. యాంటెన్నాలకు అందే తరంగాన్ని రవ్వంత ముందూవెనకా చేస్తే చాలు, అన్నీ కలిసి పంపే కిరణం పక్కకు వాలుతుంది.

దాని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. గాలిలోని హెచ్చుతగ్గుల్లో ఇందులో సగం, అంటే 2.8 మీటర్ల ఎడంతో ఉన్నవే తరంగాన్ని వెనక్కి పంపుతాయి. తిరిగొచ్చేది అత్యల్పం కనుక, రాడార్ మొదలైన రోజుల్లో 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తితో పంపేవారు. వచ్చిన తరంగం పౌనఃపున్యంలో తేడాను బట్టి గాలి వేగం తెలుస్తుంది. 150 మీటర్లకో కొలత తీయగల నైశిత్యం దీనిది.

పొరకో రకం జవాబు. కింద తేమ తేడాలు పలుకుతాయి. ట్రోపోస్ఫియర్ పైహద్దు దగ్గర నిలువు కిరణానికి ప్రతిధ్వని ఒక్కసారిగా బలపడుతుంది. మీసోస్ఫియర్‌లో పలికేవి ఎండకు విడివడ్డ ఎలక్ట్రాన్లు; అందుకే అక్కడి కబురు పగలే అందుతుంది. 30 నుంచి 60 కిలోమీటర్ల నడుమ అటు తేమా లేదు, ఇటు చాలినన్ని ఎలక్ట్రాన్లూ లేవు. రాడార్‌కు అందని ఆ భాగంలో ఉష్ణోగ్రతను అదే ఆవరణలోని లైడార్ లేజర్ కాంతితో కొలుస్తుంది.

ముంబయిలోని సమీర్ సంస్థ రూపొందించిన ఈ రాడార్ 1990ల తొలినాళ్లలో పనిలోకి దిగింది. మన దేశంలో తయారైన శాస్త్ర పరికరాల్లో ముందువరసన నిలబెట్టదగ్గది. ఏలూరు కాలేజీల్లో, గూడెం నిట్‌లో చదివే పిల్లలు తిరుపతి వెళ్లేటప్పుడు ముందే అనుమతి తీసుకుని, ఒక పూట గాదంకికి కేటాయించుకోవాలి.