చేతికి కుదిరిన ఎడిటర్

పోచంపల్లి, పుట్టపాక వైపు చీర మగ్గమెక్కే ముందు ఆసు పొయ్యాలి. చిటికి కట్టి రంగులో ముంచడానికి ముందు పేక నూలును అర్ధచంద్రాకారంగా నిలిపిన మేకుల చుట్టూ తిప్పి తిప్పి పోసే పని అది. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు పైకీ కిందికీ ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేస్తారు, భుజాలు పోగొట్టుకునేదీ వాళ్లే. పాత నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేసుకుంటూ 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన నేతపని మొత్తాన్ని మార్చబోలేదు. నొప్పి పుట్టిస్తున్న ఒక్క కదలికను పట్టుకున్నాడు.

కీబోర్డు మీద బతికేవాళ్లకూ ఇలాంటి కదలికలుంటాయి. ప్రోగ్రాం రాసేవాడు రోజంతా కొత్త అక్షరాలే కొట్టడు. ఉన్న కోడ్‌లో తిరుగుతాడు, వెతుకుతాడు, ఒక మాట చెరిపి ఇంకో మాట పెడతాడు, పది ఫైళ్ల మధ్య దూకుతాడు. మధ్యలో చెయ్యి మౌస్ దాకా పోయి వస్తూ ఉంటుంది. ఒక్కసారి చూస్తే అది లెక్కలోకి రాదు, సాయంత్రానికి మణికట్టు లెక్క చెబుతుంది. మౌస్ అక్కర్లేని ఎడిటర్లు, వాటిని తన చేతికి తగ్గట్టు దిద్దుకునే అలవాటు ఈ అవసరంలోంచే గట్టిపడ్డాయి.

ఈ సంప్రదాయంలో పెద్ద ఇళ్లు రెండు. 1976 ప్రాంతంలో కాలిఫోర్నియాలో బిల్ జాయ్ రాసిన వీఐ ఒకటి. దాని వారసుడిగా నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విమ్ విడుదల చేశాడు, 2023లో చనిపోయేదాకా దాన్ని సాకాడు. విమ్ నచ్చితే ఉగాండాలోని పిల్లల కోసం విరాళమివ్వండని అడిగేవాడు. 2014లో దాన్నుంచి నియోవిమ్ చీలింది. రెండో ఇల్లు ఈమ్యాక్స్. అదీ 1976లో ఎంఐటీలో మొదలైందే. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని లిస్ప్ భాషతో కొత్తగా కట్టి 1985లో గ్నూ ఈమ్యాక్స్‌గా అందరికీ ఇచ్చాడు. రెండిళ్ల వాళ్లకూ నలభై ఏళ్లుగా జగడం. ఆ జగడంలో ఎంత సరదా ఉందో అంత కాలక్షేపమూ ఉంది కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

విమ్ కిటుకంతా మోడ్‌లలో ఉంది. నార్మల్ మోడ్‌లో అక్షరాలు అక్షరాలుగా పడవు, ఆజ్ఞలవుతాయి. హెచ్, జె, కె, ఎల్ కొడితే కర్సర్ ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదులుతుంది. బిల్ జాయ్ వాడిన టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే అచ్చయి ఉండేవి, అలవాటు అలాగే నిలిచిపోయింది. చిన్న చిన్న ఆజ్ఞలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. సీ, ఐ, ఆ తర్వాత కొటేషన్ గుర్తు కొడితే కొటేషన్ల లోపలున్నదంతా పోయి, కొత్తది రాయడానికి చోటు సిద్ధమవుతుంది. చుక్క కొడితే చివరి మార్పు ఇంకోచోట మళ్లీ జరుగుతుంది. ఏ సెట్టింగూ ముట్టకుండానే ఇంత ఉంది. అందుకే మొదటి రోజే కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

దిద్దుకోవడం దాని తర్వాత మాట. విమ్‌కు విమ్‌ఆర్‌సీ, నియోవిమ్‌కు లువా భాషలో ఇనిట్ ఫైలు, ఈమ్యాక్స్‌కు లిస్ప్‌లో ఇనిట్ ఫైలు. అన్నీ మామూలు అక్షరాల ఫైళ్లే, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ ల్యాబ్‌కైనా తీసుకుపోవచ్చు. చాలామంది మొదట చేసే మార్పు ఎడిటర్‌లో కూడా కాదు, క్యాప్స్ లాక్ కీని ఎస్కేప్‌గానో కంట్రోల్‌గానో మార్చడం. చిటికెన వేలు సంతోషిస్తుంది. ఆ తర్వాత స్పేస్ బార్‌ను లీడర్ కీగా పెట్టి, రోజూ పడే పనులకు దాని వెనక ఒక్కో అక్షరం కేటాయిస్తారు: ఫైలు వెతకడానికి ఒకటి, సేవ్ చేసి పరీక్షలు నడపడానికి ఒకటి. నిర్వచనం దగ్గరికి దూకడం, తప్పుల కింద గీత పడటం లాంటివి లాంగ్వేజ్ సర్వర్ చూసుకుంటుంది. నియోవిమ్‌లో 2021 నుంచి, ఈమ్యాక్స్‌లో 2023 నాటి 29వ వెర్షన్ నుంచి దానికి కావలసిన సరంజామా లోపలే ఉంది.

మన ఊళ్లలో ముందు చూసుకోవలసిన సెట్టింగు వేరే. కరెంటు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్‌ను ప్లగ్గులో పెట్టి పనిచేసే పిల్లలకు ఇది అర్థమవుతుంది. విమ్ పక్కనే ఒక స్వాప్ ఫైలు పెట్టుకుంటుంది. రెండు వందల అక్షరాలు కొట్టగానే, లేదా నాలుగు సెకన్లు చెయ్యి ఆగగానే అందులోకి రాసేస్తుంది. ఈమ్యాక్స్ మూడు వందల నొక్కులకో ముప్పై సెకన్ల విరామానికో ఆ పని చేస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఫైలు తెరిస్తే, పోయింది తిరిగి తెచ్చుకుంటావా అని విమ్ అడుగుతుంది. ఆ హెచ్చరికలు విసుగనిపించి స్వాప్ ఆపెయ్యమని సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు. యూపీఎస్ లేనివాళ్లు ఆ మాట వినొద్దు. ఆపకుండా ఇంకోటి చేర్చుకోండి: అన్‌డూఫైల్. 2010లో వచ్చిన 7.3 నుంచి ఇది విమ్‌లో ఉంది, కానీ అడిగితే తప్ప పనిచెయ్యదు. పెట్టుకుంటే కంప్యూటర్ కట్టేసి మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులను వెనక్కి తిప్పవచ్చు. ఈ ఎడిటర్లకు ర్యామ్ పెద్దగా అక్కర్లేదు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి ఫోన్ హాట్‌స్పాట్ మీద టెర్మినల్‌తో దిగి పనిచేసుకోవచ్చు, అక్కడ వీఐ దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

తెలుగు రాసేవాళ్లకు చిక్కు ఇంకోచోట ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని విమ్‌లో నాలుగు వాక్యాలు రాసి ఎస్కేప్ కొట్టి, కిందికి దిగుదామని జె నొక్కారనుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా తెలుగులోనే ఉంది, విమ్‌కు ర అందుతుంది. హెచ్, జె, కె, ఎల్ స్థానాల్లో ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నవి ప, ర, క, త. విమ్‌కు వాటితో పనిలేదు, కర్సర్ కదలదు. దీనికి రెండు మందులున్నాయి. లాంగ్‌మ్యాప్ అనే సెట్టింగులో ప అంటే హెచ్, ర అంటే జె అని జతలు రాసిపెడితే నార్మల్ మోడ్‌లో విమ్ వాటిని తర్జుమా చేసుకుంటుంది. లేదా సిస్టమ్‌ను ఇంగ్లీషులోనే ఉంచి, తెలుగు అమరికను కీమ్యాప్ ఫైలుగా విమ్‌కే అప్పగించాలి. అప్పుడు ఇన్సర్ట్ మోడ్‌లో మాత్రమే తెలుగు పడుతుంది, ఎస్కేప్ కొట్టగానే ఆజ్ఞలు మామూలుగా నడుస్తాయి. నాకు రెండోదే మేలనిపిస్తుంది. లాంగ్‌మ్యాప్‌లో ఒక్క జత మరిచిపోయినా ఎక్కడ తప్పిందో దొరకదు.

ఈమ్యాక్స్‌లో ఈ బాధ తక్కువ. తెలుగు ఐట్రాన్స్, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ దాని లోపలే ఉన్నాయి. ఒకదాన్ని ఎంచుకుని ఇనిట్ ఫైలులో ఒక్క వరుస రాస్తే, కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కినప్పుడల్లా తెలుగుకూ ఇంగ్లీషుకూ మారుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు 1990ల మొదట్లో రూపొందించిన ఆర్‌టీఎస్‌కు, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతికి, వేళ్లు అలవాటుపడి ఉంటే, ఆ నియమాలతో సొంత ఇన్‌పుట్ పద్ధతినీ రాసుకోవచ్చు. అక్షరాల ముక్కలను ఎలా పట్టుకోవాలో కూడా ఈమ్యాక్స్‌కు తెలుసు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, లోపల ఆరు యూనికోడ్ గుర్తులు. గ్రాఫికల్ ఈమ్యాక్స్‌లో కర్సర్ దాన్ని ఒక్క అడుగులో దాటుతుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం చివరి గుర్తును, అంటే దీర్ఘాన్ని మాత్రమే చెరుపుతుంది, ‘స్త్ర’ మిగులుతుంది. గుడిదీర్ఘం బదులు గుడి పెట్టాలంటే ఇదే కావాలి. టెర్మినల్‌లో విమ్ వాడేవాళ్లకు ఈ సుఖం లేదు. వత్తులను కలిపి చూపడం టెర్మినల్ బాధ్యత, చాలా టెర్మినళ్లు దాన్ని సరిగ్గా మొయ్యవు. తెలుగు గద్యం ఎక్కువ రాసేవాళ్లు, ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలతో కలిసి సాఫ్ట్‌వేర్ అనువాదాలు చేసేవాళ్లు ఈమ్యాక్స్ వైపు చూడటం మంచిది. కోడ్ ఎక్కువ, తెలుగు తక్కువైతే నియోవిమ్ చాలు.

ఈ విద్యకు ఒక జబ్బుంది. పని మానేసి ఎడిటర్‌నే దిద్దుకుంటూ కూర్చోవడం. రంగులు మార్చి, అడుగు పట్టీ మార్చి, నలభై ప్లగిన్లు వేసి, చివరికి ఏ కీ ఎందుకు పనిచేస్తోందో తెలియని స్థితికి చేరతారు. ఎవరో ముందే దిద్ది పెట్టిన స్పేస్‌మ్యాక్స్, డూమ్, లేజీవిమ్ లాంటి తయారుసరుకు మొదటి రోజు అద్భుతంగా ఉంటుంది. మూడో నెల అప్‌డేట్ చేశాక ఏదో విరిగితే బాగుచెయ్యడం రాదు, ఎందుకంటే అందులో ఒక్క వరుస కూడా మీరు రాయలేదు. తెచ్చుకోవాలనే ఉంటే కిక్‌స్టార్ట్ నియోవిమ్ నయం. అది చదువుకోవడానికి రాసిన ఫైలు, ప్రతి వరుసకూ పక్కన వివరణ ఉంటుంది. విరిగినప్పుడు చేసే వైద్యం సులువే. విమ్‌ను క్లీన్ అనే ఆప్షన్‌తో, ఈమ్యాక్స్‌ను పెద్ద క్యూతో ఖాళీగా తెరవండి. అప్పుడు తప్పు కనిపించకపోతే దోషం మీ ఫైలులో ఉంది. సగం వరుసలు ఆపి చూడండి, మిగిలిన దాంట్లో మళ్లీ సగం. ఫైలును గిట్‌లో పెట్టుకుంటే నిన్న పనిచేసిన రూపానికి ఎప్పుడైనా తిరిగి వెళ్లవచ్చు. ప్లగిన్ అంటే ఎవరో రాసిన ప్రోగ్రామని, మీ ఫైళ్లన్నీ దానికి తెరిచే ఉంటాయని కూడా గుర్తుండాలి.

విలువ గురించి దాచకుండా చెప్పాలంటే, దీంతో ఎవరూ పది రెట్లు వేగంగా ప్రోగ్రాములు రాయరు. ప్రోగ్రామర్ సమయం ఎక్కువగా ఆలోచనలో పోతుంది. దక్కేది చేతి నొప్పి తగ్గడం, ఆలోచన తెగకపోవడం, వాడే పనిముట్టు లోపల ఏముందో తెలియడం. మూడోది కాలేజీ సిలబస్‌లో ఎక్కడా ఉండదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లలకు ఒక మాట. ముందు విమ్‌ట్యూటర్ నడపండి, అరగంట పని. ఈమ్యాక్స్ అయితే కంట్రోల్ హెచ్ కొట్టి టీ నొక్కండి, పాఠం వస్తుంది. కొన్నాళ్లు ఖాళీ కాన్ఫిగరేషన్‌తోనే పనిచేస్తూ, చెయ్యి ఎక్కడ విసుగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో మూడుసార్లు కనిపించిన దానికే ఒక వరుస రాయండి, అది ఎందుకు రాశారో దాని పైన తెలుగులో ఒక కామెంట్ పెట్టండి.