భరత పురస్కారమును, తెలుగు నటుడును

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో 69వ జాతీయ చలనచిత్ర పురస్కారములను ప్రకటించినప్పుడు, 'పుష్ప' మొదటి భాగమునందలి నటనకుగాను అల్లు అర్జున్ 2021వ సంవత్సరపు ఉత్తమ నటుడుగా ఎన్నికయ్యెను. తెలుగు చిత్రమునందలి కథానాయకునికి ఈ గౌరవము లభించుట అదియే ప్రథమము. ఆ వార్తతో మనవారి ఇండ్లలో సంతోషముతోపాటు ఒక నిష్ఠూరము కూడ వినవచ్చినది. నాగయ్య, రంగారావు, రామారావు, నాగేశ్వరరావు వంటి మహానటులను కన్న భాషను ఢిల్లీ పెద్దలు కన్నెత్తి చూచుటకు 54 ఏండ్లు కావలసివచ్చినదా అని. ఈ నిష్ఠూరములో కొంత న్యాయమున్నది, కొంత లేదు. లేనిదానిని గూర్చియే మేమిచ్చట ఎక్కువగా ముచ్చటింపదలచినాము. ఉన్నదానిని చెప్పువారు చాలమంది కలరు.

జాతీయ పురస్కారములు 1954లో ఆరంభమైనను, మొదట నటీనటులకు వానిలో భాగము లేదు. 1967వ సంవత్సరపు చిత్రములతోనే నటునికి 'భరత', నటీమణికి 'ఊర్వశి' అను పేర్లతో బహుమానము లేర్పడినవి. తొలి భరత పురస్కారము 'ఆంటొనీ ఫిరింగీ', 'చిడియాఖానా' అను రెండు చిత్రములకు వంగదేశపు ఉత్తమ్ కుమార్‌కును, తొలి ఊర్వశి 'రాత్ ఔర్ దిన్' చిత్రమునకు నర్గీస్‌కును దక్కినవి. మన 'దేవదాసు' 1953 నాటిది. 'మాయాబజార్' 1957 నాటిది. 'నర్తనశాల' 1963 నాటిది. రంగారావుగారి కీచకుని జకార్తా చలనచిత్రోత్సవము గౌరవించినది గాని, స్వదేశమున అప్పటికి గౌరవించుటకు అట్టి బహుమానమే లేదు. పుట్టని బిడ్డ పక్షపాతము చూపెననుట తగదు. సావిత్రిగారి మహోన్నత పాత్రలు సైతము చాలవరకు అంతకు మునుపటివే. ఆమె 1981లో ఆ గౌరవము పొందకయే కన్నుమూసినది. ఆమెగా నటించిన కీర్తి సురేశ్‌కు 'మహానటి' (2018) వలన అది లభించినది. ఇట్టి చిత్రములు విధికే చెల్లును.

1967 తరువాతి మాట యేమి? ఆ పట్టికను పరిశీలించినచో ఒక అభిరుచి గోచరించును. 1971లో 'రిక్షాకారన్' చిత్రమునకు ఎం.జి. రామచంద్రన్‌ను ఎన్నుకొన్న మాట నిజమే. కాని పిమ్మట వచ్చినవారిని చూడుడు. 'నిర్మాల్యం' (1973)లో శిథిలమగుచున్న గుడిని నమ్ముకొన్న వెలిచ్చప్పాడు పాత్రకు పి.జె. ఆంటొనీ, 'చోమన దుడి' (1975)లో ఎద్దులుండియు దున్నుకొన మడిచెక్క లేని చోముని పాత్రకు ఎం.వి. వాసుదేవరావు, 'తబరన కథె' (1986)లో పింఛనుకై కచేరీల చుట్టు తిరుగు చిరుద్యోగి పాత్రకు చారుహాసన్, 'పిరవి' (1988)లో తిరిగిరాని కొడుకు కొరకు ఎదురుచూచు వృద్ధుని పాత్రకు ప్రేమ్‌జీ. వీరెవ్వరును గెలుచువారు కారు. ఓడిపోవు సామాన్యుడే ఆ న్యాయనిర్ణేతల మనసు కరగించినవాడు.

మన చిత్రములలో కథానాయకుడు ఓడరాదు. దేవుడో, రాజో, జమీందారు బిడ్డయో, పేదవాడైనను పదిమందిని పడగొట్టువాడో కావలెను. ఓడుపని మనవారు స్త్రీపాత్రలకు అప్పగించినారు. కనుకనే పురస్కారము ఆ వైపునుండి వచ్చినది! తెనాలి ఆడపడుచు శారదగారు 'తులాభారం' (1968), 'స్వయంవరం' (1972) అను మలయాళ చిత్రములకును, పిదప తెలుగు 'నిమజ్జనం' (1978)నకును ముమ్మారు ఈ గౌరవమందిరి. బహుమానము పేరు మారినను 'ఊర్వశి' అను మాట ఆమె పేరును నేటికిని విడువలేదు. అర్చన 1987లో తమిళ 'వీడు'నకును, మరుసటి యేడే తెలంగాణపు గడీలోని పనిపిల్లగా 'దాసి'కిని గ్రహించినది. 'నిమజ్జనం', 'దాసి' చూచిన కన్నులు తెలుగును చూడని కన్నులనుట ఎట్లు?

ఇంకొక విశేషము కలదు. 1974లో 'అంకుర్' చిత్రమునకు ఉత్తమ నటుడైన సాధు మెహర్ ఒడిశా వాడు. చిత్రము హిందీది; అందలి పలుకు చాలవరకు దక్కనీ; కథ మాత్రము తెలంగాణ పల్లెది. అతడు ధరించిన కిష్టయ్య చెవిటి, మూగ, కుమ్మరి, తాగుబోతు. భార్య లక్ష్మి దొర ఇంట పనికి పోవుచుండగా ఏమియు చెప్పలేని నిస్సహాయుడు. ఆ పాత్రకు సంభాషణ యొక్క టియు లేదు. తెలుగు పల్లె దైన్యమంతయు ఒక్క మాటయైన లేక ఒక ఒడియా నటుని భుజములలో, కన్నులలో వ్యక్తమైనది. లక్ష్మి పాత్రకు షబానా ఆజ్మీయు ఆ యేడే ఉత్తమ నటి యయ్యెను. మూడేండ్లకు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ నాధారముగా తెలుగులో 'ఒక ఊరి కథ' తీసినాడు. శ్రమించినచో పరులే బలియుదురని పనియే మానివేసిన వెంకయ్య అందు నాయకుడు. ఆ పాత్రకు దొరికిన నటుడెవరు? చోముడైన వాసుదేవరావే! తెలుగు నేలపై ఓడిపోవు మగవాని పాత్ర రెండు పర్యాయములు పుట్టగా, రెండు పర్యాయములును పొరుగువారే దానిని మోసిరి. ఇది ఢిల్లీవారి దోషము కాదు.

న్యాయమైన నిష్ఠూరము లేకపోలేదు. 'సాగరసంగమం' (1983)లో ఓడిన నర్తకునిగా కమల్ హాసన్ చేసిన నటన ఆ అభిరుచికి సరిగా ఒదిగినదే. ఆ యేడు బహుమానము 'అర్ధసత్య'కు ఓం పురికి పోయినది. ఓం పురి తక్కువవాడు కాడు గాని, మా తూకములో నర్తకుడే బరువు.

ఇక పుష్పరాజు సంగతి. ఆ పాత్ర కుటుంబము చోమునిది కాదు, రిక్షాకారన్‌ది, అడుగడుగున గెలుపే. ఎత్తిపట్టిన ఒక భుజమును, చిత్తూరు యాసయు మెచ్చదగినవే. చెన్నపట్టణమున పుట్టిన నటుడు ఆ యాసను అంతసేపు జారనీయక నిలుపుట సామాన్యము కాదు. తిరుత్తణి, వేలూరు వైపు మనవారు అందు తమ పలుకుబడినే విని మురిసినారు. కాని మాకు నచ్చిన పుష్పరాజు పోట్లాడువాడు కాడు. తండ్రి ఇంటిపేరు నీకు చెందదని అన్నలు పదుగురిలో చెప్పగా నిలువునా కుంచించుకొనిపోయినవాడు. పెండ్లి మాటల నాడు తల్లి యెదుట అతని ముఖమున బలమంతయు ఒక్క క్షణమున వట్టిపోవును. ఇంటిపేరు విడిచి తండ్రిపేరి తొలి యక్షరముతో సరిపుచ్చుకొను తమిళదేశమున, తాతలనాటి ఇంటిపేరును పెండ్లి పత్రికలలోనైన నిలుపుకొనుచు వచ్చిన మనవారు ఆ దృశ్యమును ఎట్లు చూచిరో మేమెరుగుదుము.