కోయకుండా వదిలిన ఉక్కు

భిలాయి సుపేలాలో జీఈ రోడ్డుకు కాస్త లోపలగా, మేము ఎప్పుడూ బండి తీసుకెళ్ళే షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. శ్రీకాకుళం వైపు మాట. నన్ను ‘బాబూ’ అనే పిలుస్తాడు. మా ఇంటి పాత అంబాసిడర్‌కి ఆయన స్టీరింగ్ ర్యాకు మార్చిన తీరు దగ్గర కూర్చుని చూశాను. ఆయన ఏం చేశాడన్నది ఎంత గొప్పో, దేని మీద చెయ్యి వెయ్యనన్నాడో అది అంతకంటే గొప్పగా తోచింది నాకు.

అంబాసిడర్‌కి మూలం 1956లో ఇంగ్లండులో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. మన దగ్గర 1958 నుంచి 2014 దాకా తయారైంది. భిలాయి ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది, అంటే ఊరూ కారూ ఈడుజోడు. ఆ కాలపు కార్లలో చాలావాటికి వార్మ్ తిరిగే స్టీరింగ్ బాక్సు ఉండేది. అంబాసిడర్‌కి మాత్రం పుట్టుకతోనే ర్యాకు, పినియన్. ర్యాకు అంటే పళ్ళున్న కడ్డీ. స్టీరింగ్ రాడ్డు చివరనుండే చిన్న పళ్ళచక్రం దాన్ని కుడికీ ఎడమకీ జరుపుతుంది. కారు బతుకంతా దాదాపు తిన్నగానే నడుస్తుంది కాబట్టి నడిమి పళ్ళే అరుగుతాయి. చివరి పళ్ళు కొత్తవాటిలాగే ఉంటాయి. మా బండికి జరిగింది అదే. నడిమి వదులు పోగొడదామని షిమ్ములనే పలుచటి రేకులు తీసి బిగిస్తే, మలుపులో స్టీరింగ్ పట్టేస్తోంది. వదులు చేస్తే తిన్నటి రోడ్డు మీద ఊగుతోంది. ఇక వేరే ర్యాకు తప్ప దారి లేదు.

పెద్దాయన పాత సామాన్ల కొట్లలో నాలుగైదు ర్యాకులు తీయించి చూశాడు. పళ్ళు ఎలా ఉన్నాయో ముందు చూడలేదు. లోపలి బాల్ జాయింట్లు రెండింటి మధ్య దూరం కొలిచాడు. ఆ ఒక్క కొలత మీదే ఆయన ఎంపిక అంతా నడిచింది. చక్రం గుంటలో దిగి లేచేటప్పుడు సస్పెన్షన్ చేతులు ఒక వంపులో ఊగుతాయి. ర్యాకును చక్రానికి కలిపే టై రాడ్డు కూడా అదే వంపులో ఊగాలి. ర్యాకు కీళ్ళు సస్పెన్షన్ కీళ్ళకు లోపలికో బయటికో జరిగినా, ఎత్తు మారినా, రెండు వంపులూ విడిపోతాయి. అప్పుడు నడిపేవాడు స్టీరింగ్ కదపకపోయినా గుంట వచ్చినప్పుడల్లా టైర్లు వాటంతట అవే పక్కకు తిరుగుతాయి. చూడ్డానికి బాగా అమరిన ర్యాకు ప్రాణం తీసేది ఇక్కడే. ఆయనకు నచ్చినది ఒక చిన్న కారు ర్యాకు. దాని టై రాడ్లు మాత్రం మన బండికి పొట్టి అయ్యాయి. “పొట్టి అయితే మంచిదే బాబూ, కొయ్యక్కర్లేదు” అన్నాడు.

అసలు చిక్కు చక్రం దగ్గర వచ్చింది. కొత్త ర్యాకుతో వచ్చిన టై రాడ్ ఎండ్ల శంకువు వాలు వేరు, అంబాసిడర్ స్టీరింగ్ ఆర్మ్‌కున్న రంధ్రం వాలు వేరు. మామూలుగా ఇలాంటిచోట రీమర్ పెట్టి ఆ రంధ్రాన్నే పెద్దది చేస్తారు, లేదంటే ఆర్మ్‌ని ఎర్రగా కాల్చి వంచుతారు. ఆయన రెండూ ఒప్పుకోలేదు. ఆర్మ్ దెబ్బకొట్టి సాగదీసిన ఫోర్జింగ్. గట్టిదనం కోసం దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొలతగా వేడిచేసి తయారుచేస్తారు. గ్యాస్ మంటతో ఎర్రబడేదాకా కాలిస్తే ఆ పదునంతా పోతుంది. పైకి మాత్రం అదే ఇనుములా కనిపిస్తుంది. ఉక్కు ఊళ్ళో బతికినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఆర్మ్ వాలులో ఇంకో సంగతి కూడా దాగుంది. మలుపులో లోపలి చక్రం బయటిదానికంటే ఎక్కువ తిరగాలి, లేకపోతే టైరు నేలను గీసుకుంటూ పోతుంది. మ్యూనిక్ బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్‌కి గుర్రబ్బండి కాలంలోనే తట్టిన ఆలోచన ఇది. 1818లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది రుడాల్ఫ్ ఆకర్‌మన్, అందుకే దానికి ఆయన పేరే నిలిచింది. ఆర్మ్‌ని కొద్దిగా వంచినా ఆ లెక్క చెదురుతుంది.

అందుకని పెద్దాయన చక్రంవైపు పాత ఎండ్ల రకాన్నే ఉంచాడు. కొత్త రాడ్డుకీ పాత రకం ఎండ్‌కీ మధ్య ఒక స్లీవు తయారుచేశాడు. పొట్టితనం దీంతోనే తీరిపోయింది. పక్క సందులోని లేతు మీద ఈఎన్24 ఉక్కు కడ్డీ పట్టించి, ఒక చివర కొత్త రాడ్డు మరకీ, ఇంకో చివర పాత ఎండ్ మరకీ సరిపోయేలా లోపల మరలు కోయించాడు. నాకు బాగా నచ్చిన పని ఆ స్లీవే. దాని మీద ఎక్కడా పదునైన మూల లేదు. మందం మారిన ప్రతిచోటా చిన్న గుండ్రటి వంపు ఇచ్చాడు, ఎందుకంటే పగులు ఎప్పుడూ మూలలోనే పుడుతుంది. రెండు వైపులా ఒక్కో చిన్న రంధ్రం తొలిపించాడు. ఆ రంధ్రంలోంచి చూస్తే లోపలి మర కనిపించాలి. కనిపించకపోతే రాడ్డు తగినంత లోతుకు పోలేదన్నమాట. రాడ్డు లావుకి కనీసం ఒకటిన్నర రెట్లు మర పట్టు ఉండాలని ఆయన పట్టుదల. రేపు ఇంకెవరో మెకానిక్ అలైన్‌మెంట్ మార్చేటప్పుడు, ఏమీ విప్పకుండానే ఆ పట్టు చూసుకోగలగాలి. ఎప్పుడూ కలవని మనిషి కోసం తొలిపించిన రంధ్రాలవి. వెల్డింగు ఒక్క చుక్క కూడా లేదు.

ర్యాకు కూర్చోడానికి క్రాస్‌మెంబర్‌లో కొత్త బెజ్జాలు వేయలేదు. పాత బెజ్జాలకే ఒక మందపు ప్లేటు బిగించి, దాని మీద క్లాంపులు పెట్టాడు. ఎత్తు సరిచూసిన పద్ధతి ఏ పెద్ద వర్క్‌షాపుకూ తీసిపోదు. టార్షన్ బార్ బిగువు సడలించి, చక్రం తీసేసి, హబ్బుకు నిటారుగా ఒక చెక్క బిగించాడు. ఎదురుగా అట్ట నిలబెట్టాడు. జాకీతో హబ్బును కొద్దికొద్దిగా లేపుతూ, ప్రతి మెట్టు దగ్గరా చెక్క ముందు అంచుకీ వెనక అంచుకీ అట్టతో ఉన్న ఎడం కొలిచి గీత పెట్టాడు. రెండు ఎడాలూ ఒకేలా మారితే చక్రం తిన్నగా లేస్తున్నట్టు. మొదటిసారి మారలేదు. ర్యాకు కింద పలుచటి రేకు ముక్క పెట్టి మళ్ళీ కొలిచాడు, తీసి ఇంకో మందంది పెట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. అట్ట మీద గీతలు జంటలు జంటలుగా సమానంగా పడ్డాకే లేచి చేతులు కడుక్కున్నాడు.

స్టీరింగ్ రాడ్డును పినియన్‌కి కలిపేచోట కోణం పడింది, యూనివర్సల్ జాయింట్లు కావాలి. ఒక్క జాయింటుతో కోణం తిప్పితే స్టీరింగ్ చక్రం ఒక చుట్టులో రెండుసార్లు తేలికగా, రెండుసార్లు బరువుగా తగులుతుంది. రెండు జాయింట్లు పెట్టి, కోణాలు సమానంగా ఉంచి, నడిమి రాడ్డు రెండు చివర్ల ఫోర్కులూ ఒకే వరసలో నిలిపితే ఒకదాని ఎగుడుదిగుడును ఇంకొకటి తీసేస్తుంది. ఆయన బిగించాక నా చేత కళ్ళు మూయించి స్టీరింగ్ తిప్పించాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే బరువు.

చివరి పని కాసిల్ నట్లు. శంకువుకి నీలిరంగు పూసి ఆర్మ్‌లో కూర్చోబెట్టి తీసి, రంగు చుట్టూ సమానంగా అంటిందని చూసుకున్నాడు. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను బెజ్జానికి గాడి కలవలేదు. చేతికింద కుర్రాడు కొంచెం వెనక్కి తిప్పబోయాడు.

“ఎనక్కి కాదురా, ముందుకే,” అన్నాడు పెద్దాయన. “ఎనక్కి తిప్పితే మన బిగింపు మనమే ఇప్పుకున్నట్టు.”

ముందుకే తిప్పి, గాడి కలిపి, పిన్ను కాళ్ళు మడిచాడు. స్లీవుల లాక్‌నట్ల మీదా, క్లాంపు బోల్టుల మీదా పసుపు రంగుతో అడ్డంగా ఒక్కో గీత గీశాడు. ఏది కదిలినా గీత తెగుతుంది. పాత ర్యాకుకి గ్రీజు రాసి, గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టించాడు. ఆయన పెట్టినవన్నీ విప్పి దాన్ని ఎప్పుడైనా మళ్ళీ బిగించొచ్చట, బండి మీద ఒక్క కోత కూడా మిగలదట.

ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకు రమ్మన్నాడు. తీసుకెళ్ళాను. బండి కిందికి టార్చి పట్టుకుని దూరి, ఒక్కో గీతనీ వేలితో తుడిచి చూశాడు. ఒక్కటీ తెగలేదు. రంధ్రాల్లో మర అలాగే మెరుస్తోంది.