దగ్గరికి పిలిచిన లెన్స్

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పాకలోకి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు, అక్కడ వెలుతురు ఎంత తక్కువో. ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, రెండు చేతులా సాగదీసి పట్టుకుని, కుండ మీద అలా పరిచి ఇలా లాగుతారు. గుడ్డ తాకిన చోటల్లా తడి పొర పట్టుకుంటుంది. రెప్పపాటులో ఆరి అంచు లేస్తుంది. దాన్ని వేళ్లతో ఊడదీస్తే అదే రేకు. కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే అవతలి చెయ్యి కనపడేంత పల్చన.

ఆ రేకును, ఆ చేతిని కలిపి ఒక్క ఫొటో తీయాలని కెమెరా కొన్న కొత్తలో వెళ్లాను. కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ తప్ప ఇంకోటి లేదు. తలుపు దగ్గర నిలబడి, జూమ్ చివరి దాకా తిప్పి, నూటికి పైగా ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే కుండ స్పష్టంగా ఉంది, మంట స్పష్టంగా ఉంది. చేతులు మాత్రం పొగలా సాగిపోయాయి. ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, సెకనులో పదిహేనో వంతు. అంతసేపు షట్టర్ తెరుచుకుని ఉంటే, గుడ్డ లాగే చెయ్యి ఆగుతుందా?

ఆ రోజు రేకులు తీస్తున్న పిన్నిగారు పని ఆపకుండానే ఒక మాట అన్నారు: "అంత దూరాన నిలబడితే ఏం కనపడద్ది బాబూ? ఇలా వచ్చి కూర్చో." పీట కూడా కాలితో ఇటు జరిపారు. నేను మొహమాటపడి, "పర్లేదండీ, ఇక్కణ్ణించి వస్తోంది" అని తలుపు దగ్గరే ఉండిపోయాను. ఫొటోగ్రఫీ మొదలుపెట్టేవాళ్లు ఏ లెన్స్ కొనాలని నన్ను అడిగినప్పుడల్లా నాకు ఆ పీటే గుర్తొస్తుంది.

ముందు వెలుతురు లెక్క చెబుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది అదే. లెన్స్ మీద రాసి ఉండే ఎఫ్ అంకె అంటే, ఫోకల్ లెంగ్త్‌ను ఎంతతో భాగిస్తే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం వెడల్పు వస్తుందో ఆ సంఖ్య. 50 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 అంటే 9 మిల్లీమీటర్లు, ఒక శనగ గింజంత. అదే 50 ఎంఎం దగ్గర ఎఫ్ 1.8 అంటే దాదాపు 28 మిల్లీమీటర్లు, మన పది రూపాయల బిళ్లంత. శనగ గింజను ఆ బిళ్ల మీద పెట్టి చూడండి. వెడల్పులో తేడా మూడు రెట్లే కానీ వైశాల్యంలో సుమారు పది రెట్లు. అంటే అదే పాకలో, అదే మంట దగ్గర, సెకనులో పదిహేనో వంతు పట్టే ఫొటో నూట పాతికో వంతులో అయిపోతుంది. అప్పుడు ఆ చెయ్యి ఆగుతుంది. అరవై వేలు పోసి కొత్త కెమెరా కొన్నా ఇంత తేడా రాదు. పాత కెమెరాకే ఒక వెలుతురున్న లెన్స్ తగిలిస్తే వస్తుంది.

అలా కొన్నదే నా 50 ఎంఎం ఎఫ్ 1.8. కెనాన్‌ది, ఒకరు వాడినది, ఆరు వేల రూపాయలు. చేతిలోకి తీసుకుంటే ఆటబొమ్మలా ఉంటుంది. అంతా ప్లాస్టిక్, ఫోకస్ తిరుగుతుంటే గీమంటుంది. కానీ ఫొటో బాగుంటుంది. ఇంత చవకగా ఇంత బాగా ఎలా వస్తుందన్న ప్రశ్నకు జవాబు 1896లో ఉంది. జర్మనీలో త్సైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్స్‌ను రూపొందించాడు. నడుమ ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, దానికి అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబంలా ఒకే పోలికతో అమరిన ఆరు గాజు పలకలు. ముందు సగం చేసిన కొన్ని దోషాలను వెనక సగం సరిదిద్దుతుంది. ఈనాటి చవక 50లు చాలావరకు ఆ వంశానివే. నూరేళ్లకు పైగా అరగదీసిన నమూనా కాబట్టి కొత్తగా కనిపెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య అద్దం కదలాలి కాబట్టి అక్కడ ఖాళీ ఉంచాలి. కెనాన్‌లో లెన్స్ బిగించే చోటు నుంచి సెన్సర్‌కు 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. 50 ఎంఎం లెన్స్ ఆ దూరానికి ఇంచుమించు సరిపోతుంది. 24, 20 లాంటి వెడల్పు లెన్సులు సరిపోవు. వాటిలో వెలుతురును వెనక్కి నెట్టడానికి అదనపు గాజులు పెట్టాలి, అందుకే ఖరీదు పెరుగుతుంది. 50 చవక అయింది నాసిరకం కావడం వల్ల కాదు, సులువు కావడం వల్ల. కొనేవాళ్లు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

మళ్లీ ఆత్రేయపురం వెళ్లాను. ఈసారి తలుపు దగ్గర నిలబడి తిప్పడానికి జూమ్ లేదు. అక్కణ్ణించి చూస్తే చెయ్యి చిన్నదైపోతోంది. పిన్నిగారు పీట ఇంకా అక్కడే ఉంచారు. వెళ్లి కూర్చున్నాను. మంట సెగ ముఖానికి తగిలింది. చిన్న సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎం ఇంకా బిగుతుగా కనిపిస్తుంది. నికాన్‌లో 75లా, కెనాన్‌లో 80లా. మీటరు దూరంలో ముఖమో చేతులో ఏదో ఒకటే పడుతుంది, రెండూ పట్టవు. నేను చేతులు ఎంచుకున్నాను.

మొదటి ఫొటోలు ఈసారి కూడా పోయాయి, కాకపోతే వేరే రకంగా. మీటరు దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండే లోతు రెండు మూడు సెంటీమీటర్లే. చూపుడు వేలు స్పష్టంగా ఉంటే రేకు అంచు మసక, రేకు అంచు దొరికితే వేలు మసక. ఎఫ్ 2.8కి వెళ్లాను. వెలుతురు సగానికి పైగా తగ్గింది, లోతు కాస్త పెరిగింది. లెన్స్ కూడా అక్కడ ఇంకా పదునుగా పనిచేస్తుంది. ఆ తర్వాత చేయాల్సిందల్లా ఎదురుచూడటమే. గుడ్డ పరిచిన క్షణం కాదు, లాగిన క్షణం కాదు, ఆ తర్వాత పొర ఆరి అంచు దానంతటదే లేచే క్షణం. దాని అదను తెలియడానికి అరగంట పట్టింది. పిన్నిగారి ఊపిరి లయను బట్టి పట్టుకున్నాను. ఆ రోజు తీసిన వాటిలో ఒకటి నిలబడింది.

ఆ ఫొటో నాకు నేర్పింది ఇది: లెన్స్ ఎంచుకోవడమంటే ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడాలో ఎంచుకోవడం. ఇది భావుకత కాదు, జ్యామితి. ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోవడం, వెనకున్న గుడిగోపురం మీదికొచ్చినట్టు ఉండటం, ఇవన్నీ లెన్స్ చేసే మాయ అనుకుంటాం. నిజానికి అది మనం నిలబడ్డ దూరం చేసేది. ఒకే చోట నిలబడి 18తో ఒకటి, 55తో ఒకటి తీయండి. మొదటి దాంట్లో నడుమ ముక్కను కత్తిరించి పెంచితే రెండోదానితో సరిపోతుంది. కదలకుండా జూమ్ తిప్పితే చట్రం మారుతుంది, చూపు మారదు. చూపు మారాలంటే కాలు కదపాలి.

మా నాన్నకు అగ్ఫా క్లిక్-3 ఉండేది. బరోడాలో తయారైన పెట్టె కెమెరా. 120 ఫిల్ము రోలుకు పన్నెండు చదరపు ఫొటోలు, తిప్పడానికి జూమ్ లేదు. మా ఇంటి ఆల్బమ్‌లో సగం దానితో తీసినవే. ప్రతి ఫొటోలోనూ నాన్న ఎక్కడ నిలబడి ఉంటారో నేను వేలు పెట్టి చూపించగలను, అరుగు చివర, బావి గట్టు పక్కన, బస్సు మెట్టు మీద. ఆ దూరాల్లో ఆయన ఉన్నారు.

సరే, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఏం చేయాలి? ముప్పై వేలు ఉన్నాయనుకోండి. అందులో సగానికి మించి కెమెరా బాడీకి పెట్టకండి. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారిపోతున్నారు కాబట్టి మంచి డీఎస్ఎల్ఆర్‌లు, వాటి లెన్సులు వాడినవి అందుబాటు ధరల్లో దొరుకుతున్నాయి. పదేళ్ల కిందటి బాడీ ఇవాళ పాతబడినట్టు కనిపిస్తుంది, పదేళ్ల కిందటి మంచి లెన్స్ అలా పాతబడదు. రెండు లెన్సుల కాంబో ఆఫర్‌కు ఆశపడకండి. అందులో రెండో జూమ్ చాలామంది ఇళ్లలో బీరువాలోనే ఉంటుంది.

కిట్ లెన్స్‌ను తీసిపారేయకండి, అది మీకు సలహాదారు. మూడు నెలలు దానితోనే తీయండి. తర్వాత కంప్యూటర్‌లో ఒక్కో ఫొటో వివరాలు తెరిస్తే ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో ఉంటుంది. మీకు నచ్చిన యాభై ఫొటోలు తీసుకుని ఆ అంకెలు కాగితం మీద రాయండి. 35 దగ్గర గుంపు కడితే 35 కొనండి, 50 దగ్గర కడితే 50. ఇంకా అనుమానం ఉంటే జూమ్ రింగును 35 దగ్గర పెట్టి టేపు అంటించి ఒక వారం తిరగండి. ఇళ్లలో, వంటగదుల్లో, పిల్లల్ని ఎక్కువగా తీసేవాళ్లకు చిన్న సెన్సర్ మీద 35 నయం. 50తో వెనక్కి జరిగి జరిగి వీపు గోడకు తగులుతుంది. ముఖాలు, చేతులు, వీధిలో మనుషులు ఇష్టమైతే 50.

ఒక జాగ్రత్త. ఈ మధ్య ఒక తమ్ముడు నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి చవగ్గా వచ్చిందని కొని తన డి5600కి తగిలించాడు. ఆటో ఫోకస్ పనిచేయలేదు. లెన్స్ పాడైందనుకుని కంగారుపడి ఫోన్ చేశాడు. లెన్స్ భేషుగ్గా ఉంది. ఆ పాత రకానికి లోపల మోటారు ఉండదు, బాడీలోని మోటారే దాన్ని తిప్పాలి. డి3000, డి5000 వరస కెమెరాల్లో ఆ మోటారు లేదు. వాటికి ఏఎఫ్-ఎస్ అని రాసిన లెన్సులు తీసుకోవాలి. కెనాన్‌వాళ్లు 1987లో ఈఎఫ్ వరస మొదలుపెట్టినప్పుడే మోటారును లెన్స్‌లోనే పెట్టారు కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు.

వాడిన లెన్స్ కొనేటప్పుడు జేబులో చిన్న టార్చి ఉంచుకోండి. వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. కెమెరాకు తగిలించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి దగ్గరిది ఒకటి, దూరానిది ఒకటి తీసి పెద్దది చేసి చూడండి. గోదావరి జిల్లాల్లో, కోస్తా అంతటా గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచిలో పెట్టి బీరువాలో తోస్తే వానాకాలం గడిచేసరికి ఫంగస్ పట్టే ప్రమాదం ఉంది. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బియ్యంలో పెట్టమని కొందరు చెబుతారు, ఆ తవుడు లెన్స్ లోపలికి పోతుంది.

పెద్ద లెన్స్ అక్కర్లేదని నేను అనడం లేదు. పక్షులను తీయాలంటే వాటి పక్కన పీట వేసుకుని కూర్చోలేం. అయినా గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు లాంటి చోట ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గట్టుకు దగ్గర్లోనే గూళ్లు కడతాయి, అక్కడ 55-250 లాంటి మామూలు జూమ్ చాలు. పువ్వులు, పురుగులు ఇష్టమైతే మ్యాక్రో లెన్స్‌కు ముందు కొన్ని వందల రూపాయల రివర్స్ రింగు కొనండి. ఉన్న లెన్స్‌నే తిప్పి బిగిస్తే చీమ కన్ను దాకా వెళ్లొచ్చు. ఫోకస్ చేతితో చేసుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, అంతే.

పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ ఫొటోను పన్నెండు అంగుళాల సైజులో ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. పిన్నిగారు చెయ్యి తుడుచుకుని అందుకున్నారు. చాలాసేపు చూశారు. "నా చేతులేనా ఇవి? ముసలైపోయినాయి బాబూ" అన్నారు. తర్వాత కిటికీ పక్కన మేకు కొట్టించి తగిలించుకున్నారు. అదే కిటికీ, ఆ వెలుతురు వచ్చింది అందులోంచే.

మొదటి లెన్స్ కొనబోతున్నవాళ్లకు నా మాట ఇదే. ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న, వెలుతురు బాగా రానిచ్చే, చవకైన లెన్స్ ఒకటి కొనండి. ఏడాది పాటు ఇంకోటి చూడకండి. తీసినవాటిలో ఒక్కటైనా ప్రింటు వేయించి అందులో ఉన్నవాళ్ల చేతికివ్వండి. ఎవరైనా పీట జరిపి కూర్చోమంటే కాదనకండి.